సత్తమ్మ ఉప్పుల పొగ వాసన

గొల్లగూడెం, నకిరేకల్ దగ్గర
జూన్ 14, 1959

మరదలు సాలమ్మకు బావ దుర్గయ్య దీవించి రాయించేది. ఇక్కడ గొర్లు మంచిగున్నయి, కొడుకు కోడలు మంచిగున్నరు. నా సంగతి ఒక్కటే మంచిగ లేదు.

మీ అక్క సత్తమ్మ పోయి పది నెలలాయె. అప్పటి సంది నాకు బువ్వ సయిస్తలేదు. కోడలు జానమ్మ మంచి పిల్ల, ఒక్క మాట అనడానికి లేదు. గానీ ఆమె వండితె ఉప్పు ఉప్పగుంటది, కారం కారంగుంటది. గంతే. నాలుగు మెతుకులు తిని లేస్త. కొడుకు దవాఖానకు తోల్కపోయిండు. డాక్టరు నాలిక చూసి, కడుపు వత్తి, ఏం రోగం లేదన్నడు. ఏం రోగం లేకపోతె మనిషి గిట్ల ఎట్ల ఎండుతడు, నువ్వే చెప్పు.

సత్తమ్మ కూరల ఒక పొగ వాసన ఉండేది, యాదికున్నదా? ఉప్పుల పొగ, కారంల పొగ. ఎండబెట్టిన మాంసం తునకలు వండితె వాకిట్ల కూసున్నోనికి నోరూరేది. నలభై ఏండ్లు తిన్న. "ఏందే, నీ ఉప్పు గింత పొగ వాసనొస్తది, ఏం చేస్తవే?" అని అడిగితె మొఖం తిప్పుకోని దొడ్లెకు పోయేది. మురిపెం చేస్తాంది అనుకునేటోన్ని. చెప్పకుంటనే పోయింది.

ఆగస్టుల దాని యాడాది. ఆ పొద్దు నా చేతితోనే తునకల కూర వండి దాని ముంగట పెడతనని మొక్కుకున్న. దాని తీరుగనే ఉండాలె. పెట్టినంక నేను కూడ ఒక్క ముద్ద తింట. అప్పుడన్న కడుపు తెరుచుకుంటదేమో. ఉప్పుకు, మిరపకాయకు పొగ ఎట్ల పట్టియ్యాలె? నీకు తప్ప ఎవ్వరికి తెల్వదు.

ఇట్లు, నీ బావ దుర్గయ్య

మళ్ల: ఇది రాసేటోన్ని తపాలా కాటమయ్యను. మీ బావకు అక్షరం రాదు, నేనే రాస్త, నేనే చదువుత. ఇప్పుడు వంట కూడ నేర్చుకుంటనంటుండు. మా బాయిల నీళ్లు అడుగంటినయి, మంటలు లేస్తె ఆర్పుడు కష్టం. జర చూసి రాయమ్మా.

కొల్లాపూర్
జూన్ 22

బావకు సాలమ్మ శనార్థులు. రాత్రిబడిల నేర్చుకున్న అక్షరాలు, వంకర టింకర ఉన్నా ఓపిక చేసుకోని చదవమని కాటమయ్యకు చెప్పు.

ఎండిపోయిన అని రాసినవు. నువ్వు మొదలే ఎండు మనిషివి, ఇంక ఎండితె ఏం మిగుల్తవు బావా? జానమ్మ వండింది తినరాదు? ఆ పిల్ల చేతి పప్పు నేను తిన్న. ఏలు నాకిన.

పొగ ముచ్చట పెద్దదేం కాదు. అక్క పొయ్యి మీద దూలానికి ఉట్టి కట్టి ఉప్పుకుండ అండ్ల పెట్టేది. పక్కన మిరపకాయల దండ ఏలాడదీసేది. రోజూ పొయ్యి పొగ తాకితె అదే పడుతది. గంతే. ఇంకేం అడుగకు.

ఉంట, సాలమ్మ

మళ్ల: నువ్వు వంట చేస్తున్నవంటె మా ఇంటాయన పొట్ట పట్టుకోని నవ్విండు. నేను కూడ నవ్విన. మల్ల లోపలికి పోయి ఏడ్సిన.

గొల్లగూడెం
జూలై 20

మరదలా, నీ మాట విన్నందుకు మా ఇంట్ల మూడు రోజుల సంది నాతోటి ఎవ్వరు మాట్లాడ్తలేరు.

నువ్వు రాసినట్లే చేసిన. బల్లి పడ్తదని కుండకు మూత పెట్టి, మూత మీద గుడ్డ కట్టి, గుడ్డకు మట్టి మెత్తి ఉట్టిల పెట్టిన. ఇరవై రోజులు పొగ పెట్టిన. తీసి నాలిక మీద ఏసుకుంటె ఉప్పు. ఉత్త ఉప్పు. దినాలు దగ్గర పడ్తున్నయని మూత తీసేసి, తుమ్మ మొద్దులు రెండు ఏసి మంట పెంచిన. పొగ మంచిగనే లేసింది. ఉట్టి తాళ్లు కాలి కుండ కిందికొచ్చి, ఉడుకుతున్న జొన్న గట్కల పడ్డది. ఇంటిల్లిపాదికి రెండు పూటల గట్క.

కుక్కకు పోసిన. కుక్క వాసన చూసి నా మొఖం చూసి పోయింది. తెల్లారి జానమ్మ తన పొయ్యి వాకిట్ల పెట్టుకున్నది. మిరపకాయల దండ సగం కాలింది, సగం మిగిలింది. మిగిలిన సగానికి వాసన లేదు.

నెల కూడ లేదు సాలమ్మా. సక్కగ చెప్పు.

ఇట్లు, దుర్గయ్య

మళ్ల: కాటమయ్య రాసేది. గట్క నాకు కూడ ఒక గిన్నె పంపిన్రు. ఆ పొద్దు సంది నీళ్లు తాగుడే పని.

కొల్లాపూర్
జూలై 26

బావకు సాలమ్మ శనార్థులు.

ఉత్తరం చదివి నెత్తి కొట్టుకున్న. మూతికి మట్టి మెత్తినవా? మరి పొగ ఎక్కడికెళ్లి పోవాలె? గొర్లు కాసుడుల నిన్ను మించినోడు లేడు గానీ పొయ్యి కాడ నువ్వు పసిపోరనివి.

నేను ఒకటి రాసుడు మర్చిపోయిన. అక్క పచ్చి ఆకు పొగ కూడ పెట్టేది. జల్లెడల గుడ్డ పరిచి ఉప్పు పోసి, కింద నిప్పుల మీద పచ్చి ఆకు ఏసి, మీద గంప బోర్లించేది. మిరపకాయలకు కూడ గట్లనే. ఒక్క పూటల పడుతది.

జానమ్మను బతిలాడి పొయ్యి లోపల పెట్టించు. ఆమె వండింది తిను. నీ కాళ్లు మొక్కుత.

ఉంట, సాలమ్మ

మళ్ల: పోయినసారి రాసింది నిజమే. ఇప్పుడు రాసింది కూడ నిజమే. ఏ ఆకని మాత్రం అడుగకు, ఏ ఆకైనా నడుస్తది.

గొల్లగూడెం
ఆగస్టు 3

సాలమ్మకు దుర్గయ్య రాయించేది.

ఏ ఆకైనా నడుస్తదన్నవు. మందల దోమలకు నేను రోజూ యాపాకు పొగేస్త. అదే ఏసిన. ఉప్పు చేదైంది. మిరపకాయ చేదైంది. గంప చేదైంది, గా గంపల మేత ఏస్తె మేకలు కూడ ముట్టలే.

ఇగ నాకు సమజైంది. నువ్వు దాస్తున్నవు. ఒకసారి ఉట్టి అంటవు, ఒకసారి ఆకు అంటవు. సత్తమ్మ ఎండి కడియాలు నీకియ్యలేదనే కదా? అవి నా మనుమరాలికని అదే చెప్పి పోయింది, నేను దాచుకోలే. ఉప్పుకాడ పగ తీర్చుకుంటవా? అది నీ సొంత అక్క కాదా?

ఇంక పన్నెండు రోజులున్నది. ఆ పొద్దు దాని ముంగట చేదు కూర పెట్టాల్నా? నలభై ఏండ్లు నాకు వండిపెట్టింది. ఒక్కసారి నేను వండిపెడ్తనంటె నీకు చెప్పబుద్ధయితలేదు. చెప్పకు. నేను కూడ అడుగ.

దుర్గయ్య

మళ్ల: కాటమయ్య రాసేది. చేదు ఉప్పు పిల్లల కడుపుల పురుగులకు మంచిదని ఊరోళ్లు సగం తీస్కపోయిన్రు, ఫికర్ లేదు. కడియాల మాట రాపిచ్చుకుంట మీ బావ ఏడ్సిండు. ఏడ్సినట్లు రాయొద్దన్నడు. నేను రాసిన. మనిషి చూస్త చూస్త సగమైండు. ఏదన్న ఉంటె చెప్పమ్మా.

కొల్లాపూర్
ఆగస్టు 8

కాటమయ్యకు సాలమ్మ శనార్థులు. ఇది మా బావకు రాసిన ఉత్తరమే, గానీ చదివేటోనివి నువ్వు. అందుకే కార్డు మీద రాయకుంట కవరుల పెట్టి గంజితోటి అంటించిన. చదివినంక మర్చిపోవాలె, నీ పిల్లల మీద ఒట్టు. ఇంట్లోళ్లను బయటికి పంపు. మెల్లగ చదువు. ఆయన ఆగమంటె ఆగి, నీళ్లిచ్చి, మల్ల చదువు.

బావా, కడియాలు నాకెందుకు? నేను దాచిన మాట మాత్రం నిజం. ఉట్టి లేదు, ఆకు లేదు, గంప లేదు. అక్క ఏనాడు ఉప్పుకు పొగ పెట్టలే.

అక్కకు వాసన తెల్వదు. ఆరేండ్ల పిల్లగ ఉన్నప్పుడు అమ్మవారు పోసింది. పాణం మిగిలింది, ముక్కు పోయింది. మల్లెపువ్వు తెల్వదు, పేడ తెల్వదు. నీకిచ్చి చేసేటప్పుడు, పిల్లకు లోపమున్నదంటె మీవోళ్లు ఎనుకకు పంపుతరని మా అమ్మ భయపడ్డది. మా ఇద్దరి చేతులల్ల పసుపు పెట్టి, ఎవ్వరికి చెప్పొద్దని ఒట్టేయించుకున్నది. ఒట్టు ఏయించుకున్నోళ్లు పోయిన్రు, అక్క పోయింది. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలిన. అందుకే అబద్ధాలు రాసిన.

పొయ్యి మీది పెంకల మిరపకాయ ఏగితె వాసనొస్తది, మనం దించుతం. అక్కకెట్ల తెలుస్తది? కండ్లు మండినప్పుడు దించేది. అప్పటికే నల్లగయ్యేది. వానకాలం ఉప్పు చెమ్మ పడితె అదే పెంకల ఏసి ఏంచేది, అదీ నల్లగయ్యేది. నువ్వు పొగ వాసనన్నది మాడు వాసన బావా. నలభై ఏండ్లు నువ్వు తిన్నది మాడిన కూర.

ఇక్కడికొచ్చినప్పుడల్ల నా ఒళ్లె తల పెట్టి ఏడ్సేది. "ఆయన మంచోడు సాలీ, మాడిందని అనడు. పొగ వాసనొస్తదే అంటడు. ఆ మాట అన్నప్పుడల్ల నా పాణం పోతది. ఇయ్యాల మంచిగ చేస్త అనుకుంట, మల్ల మాడుస్త" అనేది. నువ్వు మెచ్చుకుంటున్నవని దానికి తెల్వలే. నాకు తెల్వలే. మొన్న నీ మొదటి ఉత్తరం చదివినంకనే సమజైంది.

పోయే ముందట నా చెయ్యి పట్టుకోని అన్నది. "జానమ్మ మంచిగ వండుతది సాలీ. ఇప్పుడన్న ఆయన కడుపు నిండ తింటడు."

ఇగ విను. పెంక పెట్టి మిరపకాయలెయ్యి. ఎర్రగైతయి, కమ్మటి వాసనొస్తది. దించకు. మందకాడికి పోయి గొర్లను చూసి రా. జానమ్మ దగ్గుకుంట ఉరికొస్తది. అప్పుడు కూడ దించకు. నీ కండ్లల్ల నీళ్లు కారినంక దించు. ఆ పెంకలనే ఉప్పెయ్యి.

కూర దాని ముంగట పెట్టినప్పుడు పొగ వాసన అని మాత్రం అనకు బావా. "మంచిగున్నదే సత్తమ్మా" అను. నలభై ఏండ్లల్ల ఆ ఒక్క మాట నోరార అనకపోతివి.

నీ మరదలు సాలమ్మ

మళ్ల: జానమ్మను ఏమనకుండ్రి, వంట వచ్చుడే ఆ పిల్ల తప్పు. యాడాది పొద్దుకు బస్సెక్కి నేను కూడ వస్త. అక్క చేతి మాడు కూర చిన్నప్పుడు తిని తిని యాష్టకొచ్చిన. అయినా నాకొక ముద్ద దాచుండ్రి.