పదికి పదిసార్లూ అవును

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్,
3-2-1986

ప్రభువునందు ప్రియమైన కృపాదానానికి, దయానందం వందనాలు.

నిన్న చెప్పకుండా ఖిదిర్‌పూర్‌లో నీ గదికి వచ్చాను. కాబోయే అల్లుణ్ణి అలాగే చూడాలి. నువ్వు లేవు. బల్ల మీద పేకముక్కలున్నాయి! మా అమ్మాయి తబితతో నీ పెళ్ళి ప్రధానం ఆపేశాను. ఇంటికి రాకు. చెప్పేదేదో రాయి.

నీ మేలుకోరే,
దయానందం

తా.క. నీ గదిలో ఉండే మల్లేశు నన్ను చూసి నవ్వాడు. ఎందుకు?

ఖిదిర్‌పూర్,
6-2-1986

పూజ్యులైన మామయ్యగారికి వందనాలు.

నేను పేకాడను. కాలేజీలో సంభావ్యత పాఠం చెబుతాను. పోకర్‌లో మనిషికి ఐదు ముక్కలు. గెలిచే ముక్కలు ఎంత అరుదో, బల్ల మీది ఆ పేకతోనే పిల్లల చేత లెక్క కట్టిస్తాను. ఒక జత వందలో నలభై రెండుసార్లు వస్తుంది. ఐదూ ఒకే గుర్తువి ఐదొందల్లో ఒకసారి. ఒకేలాంటివి నాలుగు, నాలుగువేల పైచిలుకులో ఒకసారి. తబిత లేకపోతే నేను బతకలేను, ఇది లెక్క కాదు.

విధేయుడు,
కృపాదానం

తా.క. మల్లేశు పళ్ళు ఎత్తు. ఏడ్చినా అలాగే ఉంటాడు.

సంత్రాగాఛి,
10-2-1986

కృపాదానానికి,

నాలుగువేల ఆటలు ఎవరితో ఆడావు? పాఠం ఎప్పుడు చెప్పావు?

"ఏటి నాన్నా, కాగితం మీద లెక్క కూడా పాపమేనేటి?" అని తబిత ఒకటే ఏడుపు. నీ మాట నమ్మలేక దేవుణ్ణే అడిగాను. అవును, కాదు అని రెండు చీటీలు తబిత చేత రాయించి, బిస్కెట్ల డబ్బాలో వేయించి, ప్రార్థన చేసి తీశాను. అవును! నమ్మకం చాలక, మళ్ళీ వేసి మళ్ళీ తీశాను. పదిసార్లు తీస్తే పదిసార్లూ అవును. ప్రధానం ఖాయం.

దయానందం

తా.క. ఇది కూడా నీ పిల్లలకు పాఠం చెప్పు.

ఖిదిర్‌పూర్,
13-2-1986

మామయ్యగారికి వందనాలు.

సంతోషంతో అన్నం సయించలేదు. కానీ పదికి పదీ అవును రావడం వెయ్యిన్నీ చిల్లరలో ఒక్కసారి. నా మనసు ఒప్పుకోవడం లేదు. దయచేసి రెండో చీటీ కూడా విప్పి చూడండి.

విధేయుడు,
కృపాదానం

తా.క. చూడకపోయినా ఫర్వాలేదు.

సంత్రాగాఛి,
17-2-1986

ప్రియమైన అల్లుడికి,

విప్పాను. అందులోనూ అవునే. తబితను నిలదీస్తే, "ఒకసారి తీసి ఊరుకుంటావనుకున్నాను, పదిసార్లు తీస్తావని నాకేటి తెలుసు?" అంది.

పేకాడేవాడు, ముక్కలన్నీ తనవైపే పడుతుంటే నోరు విప్పుతాడా? నువ్వు గెలిచిన ఆట నువ్వే చెడగొట్టుకున్నావు. నీకు పేకాట రాదు, ఈ జన్మలో రాదు. నాకిక అనుమానం లేదు. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే ప్రధానం.

నీ మామ,
దయానందం

తా.క. ఇది నాన్న చూడకుండా నేను రాస్తున్నాను. పెళ్ళిలో పాస్టరుగారు ఒక్కసారే అడుగుతారు. లెక్క కట్టకుండా అవుననండి. - తబిత