మొదటి ముద్ద నాన్నది

ఆదివారం సాయంత్రం

అమ్మకు, నీ వైమితి ముద్దులతో రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం అని రాశాకే మిగతాది రాయాలని నువ్వే నేర్పావు కాబట్టి ఆ మాట ముందు రాసేశాను. పురిటి తర్వాత అక్క లేచి తిరుగుతోందని చదివి ఊరటగా ఉంది. పిల్లకి నాన్న ముక్కు వచ్చిందన్నావు. పాపం, పుట్టగానే మొదలయ్యాయి దాని కష్టాలు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మన భోజనాల పాక మీద కొత్త కొబ్బరాకులు కప్పించాం, మొన్నటి గాలికి నిలిచింది. పందులు నీ మీద బెంగేమీ పెట్టుకోలేదు. పక్క పాక పువారా వంట మానేసి రిసార్టులో దుప్పట్లు మడతపెట్టే పనికి చేరింది. ఈ తీరంలో ఇక మిగిలింది మన పాక ఒక్కటే. జనం వస్తున్నారా అన్నావు. వస్తున్నారు. రిసార్టు భోజనం మొహం మొత్తి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడుచుకుంటూ వస్తారు. "మీ ఊళ్ళోవాళ్ళు తినేదే పెట్టండి" అంటారు. ఊళ్ళోవాళ్ళు తినేది డబ్బా మాంసం అని చెబితే వాళ్ళ మొహాలు వాడిపోతాయి. వాళ్ళకి కావలసింది పగడపు దిబ్బకి లోపలివైపు పట్టిన పచ్చిచేప, నిమ్మరసం పిండి కొబ్బరిపాలు పోసి. అది నోట పెట్టే ధైర్యం మనూళ్ళో ఎవరికీ లేదని వాళ్ళకెలా చెప్పను?

రిసార్టు పడవల కోసం దిబ్బని పేల్చి దారి చేసిన దగ్గర్నుంచీ ఇదే వరస. నువ్వు వెళ్ళేనాటికి ఆ దారి పక్క చేపలకే విషం ఉండేది. ఇప్పుడు ఎక్కడిది మంచిదో, ఎక్కడిది కాదో తెలియడం లేదు. వాసన రాదు, రుచి మారదు, ఎంత ఉడికించినా పోదు. బయటి సముద్రం చేప తెచ్చుకుందామంటే పడవ ఒడ్డుకి రాకముందే రిసార్టువాళ్ళు కొనేస్తున్నారు.

నాన్న సరిగ్గా తింటున్నాడా అని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అడిగావు. తింటున్నాడమ్మా. మన బాధంతా అదే కదా. తెల్లారగానే మన జాలరి తెహెయి చేప తెచ్చి పడేస్తాడు. నాన్న ఆ చేప తల దగ్గర ముక్క కోసుకుని మొదటి ముద్ద తిని, చన్నీళ్ళ గిన్నె ముందు పెట్టుకుని కూర్చునేవాడు. పెదవులు జివ్వుమన్నా, చన్నీళ్ళు వేళ్ళకి చురుక్కుమన్నా ఆ చేపని పాతెయ్యాలి. ఒకసారి ఆ విషం సోకిన ఒళ్ళు ఆ తర్వాత రవ్వంత తగిలినా పట్టేస్తుంది. నాన్నకి సోకినన్నిసార్లు ఈ దీవిలో ఎవరికీ సోకలేదు. అందుకే ఆయన తల ఊపితే చాలు, మనం నిశ్చింతగా వడ్డించేవాళ్ళం. నువ్వు దాన్ని పదిమందిలో గొప్పగా చెప్పుకునేదానివి. నేనూ చెప్పుకున్నాను.

ఇక రాయక తప్పదు. నువ్వు పడవెక్కిన కొన్నాళ్ళకి ఒకరోజు నాన్న పొయ్యి మీది పెనాన్ని ఉత్త చేత్తో దించాడు. దించి, తాపీగా బల్ల మీద పెట్టి, ఉప్పు అందుకోమన్నాడు. అరచెయ్యంతా బొబ్బలెక్కింది.

"నాన్నా, చెయ్యి కాలింది."

"ఏదీ? అవును కదూ."

"నొప్పి లేదా?"

"అమ్మకి రాయకు."

"నేనడిగింది అది కాదు. ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"సీమపనస కాపుకి ముందునుంచీ. పెదవులూ అంతే, చెక్కముక్కల్లా ఉన్నాయి."

"మరి ఇన్నాళ్ళూ ఏం చూసి తల ఊపావు?"

"చేప మొహం చూసి," అన్నాడు. నన్ను నవ్వించాలనుకున్నాడు. అన్నాళ్ళూ మన పాకలో తిన్నవాళ్ళందరూ ఏ పుణ్యాన బతికి బయటపడ్డారో ఆ దేవుడికే తెలియాలి.

పాక మూసెయ్యమంటావేమో. మూస్తే మనమూ రిసార్టు దుప్పట్లే మడతపెట్టాలి. అందుకని నేనొక ఆలోచన చేశాను. పేల్చిన దారి దగ్గర చేప ఒకటి పట్టుకు రమ్మని తెహెయిని అడిగాను.

"ఎవర్ని చంపుదామని?" అన్నాడు.

"నిన్నే. ముందు తెచ్చి పెట్టు."

"నువ్వు తినే ఉద్దేశం ఉంటే చెప్పెయ్, తేను."

"పందికి పెడతాలే, సరేనా?"

పందికి పెట్టలేదమ్మా. తెలిసే తిన్నాను, నాన్నలాంటి ఒళ్ళు నాకూ కావాలని. పేగులు బయటికొచ్చేలా వాంతులయ్యాయి. చన్నీళ్ళు తాగితే నిప్పులు మింగినట్టుండేది. నాన్న నా పక్కనే కూర్చుని, "నా దగ్గర తీసుకోవడానికి నీకు ఇదొక్కటే కనిపించిందా తల్లీ?" అని ఏడ్చాడు. నువ్వు తిట్టబోయేవన్నీ ఆయన తిట్టేశాడు, నువ్వు కొత్తవి వెతుక్కో.

లేచి తిరిగాను. కానీ నా ఆలోచన బెడిసికొట్టింది. పెదవుల మీద ఆ జివజివ తగ్గలేదు. ఏ చేప తిన్నా ఉంటుంది, ఏమీ తినకపోయినా ఉంటుంది. అది చేప చెబుతున్నదో నా జబ్బు చెబుతున్నదో తెలియక, నోట పెట్టిన చేపనల్లా వద్దన్నాను. అన్నీ పాతేశాం. వచ్చినవాళ్ళు ఉడికించిన సీమపనస చూసి లేచిపోతున్నారు. నాన్న ఏమీ అనలేదు, ఈ రోజు దాకా.

ఈ రోజు తెహెయి దీవి అవతలి కొసనుంచి ఎర్రచేప తెచ్చాడు. ఎంత బాగుందో. చేప దొరుకుతుందేమోనని రోజూ వచ్చే రిసార్టు కుటుంబం ఒకటి ఉంది. ముందుపళ్ళు ఊడిన పిల్ల వాళ్ళది, నాన్నని చూస్తే చాలు ఇకిలిస్తుంది. వాళ్ళు చర్చిలో ప్రార్థన అవ్వగానే వచ్చి బల్ల మీద కూర్చున్నారు. నేను పొద్దుటే ఆ చేప ముద్ద తిన్నాను. వద్దన్నాను.

"అవతలి కొస చేప అది," అన్నాడు నాన్న. "అక్కడిది తిని మా తాత కాలంలో కూడా ఎవరూ పడిపోలేదు."

"నా పెదవులు చెబుతున్నాయి నాన్నా."

"నీ పెదవులు నిన్నా అదే చెప్పాయి, మొన్నా అదే చెప్పాయి. వాటికి ఇంకో మాట రాదు."

ఆయన చేపని ముక్కలు చేసి, నిమ్మరసం పిండి, కొబ్బరిపాలు పోసి, తన పళ్ళెం నిండా పెట్టుకున్నాడు. వాళ్ళ ఎదురుగా కూర్చుని వేళ్ళు నాకుతూ అంతా తిన్నాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు, ఫోటో కూడా తీశారు. ఆ పిల్ల పళ్ళెం ముందుకి చాపింది.

"వడ్డించవే," అన్నాడు నాన్న.

నేను గిన్నె ఎత్తి ఇసుకలో బోర్లించాను. పిల్ల ఏడ్చింది. దాని తండ్రి ఏదో విసుక్కుంటూ దాన్ని ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నాన్న నా మొహం చూడకుండా పళ్ళెం కడుక్కుని లోపలికి పోయాడు. నాకు ఆయన మీద పీకలదాకా కోపం వచ్చింది, మాట్లాడించలేదు. అలా వదిలెయ్యకుండా ఉండాల్సింది.

నేను చెప్పింది నిజమైందమ్మా. మొదట నాన్న కాళ్ళు పడిపోయాయి. ఇప్పుడు గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందట, నర్సు సూది వేసి రేడియోలో పపేటే పెద్దాసుపత్రిని పిలుస్తోంది. అవతలి కొస కూడా పోయింది, ఇక మనకి మంచి చేప లేదు. అది పోతే పోనీ. నేను చెప్పింది అబద్ధమైతే ఎంత బాగుండేదో అని కూర్చున్నాను.

ఇందాక కళ్ళు తెరిచాడు. "ఆ పిల్ల తిందా?" అన్నాడు.

"లేదు నాన్నా. ఎవరూ తినలేదు."

"సరే అయితే," అన్నాడు.

మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నా ఎడమచెయ్యి ఆయన గుండె మీద ఉంచి రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా వంకరపోతున్నాయి. ఈ ఉత్తరం తెచ్చిన పడవ నీకోసం ఆగమంటే ఆగుతుంది. మూట సర్దుకోకుండా ఎక్కెయ్యమ్మా.

ఇట్లు,
నాన్న పక్కనే ఉన్న
నీ చిన్నకూతురు వైమితి