డప్పుకు బెదరని గుర్రం

అక్కా,

నీకూ బావగారికీ నమస్కారాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నది బాగా చదువుతోందా? నా ఒంట్లో బాగుంది. నిజంగానే బాగుంది, కంగారు పడకు.

మొన్న ఫోనులో "గొంతు అలాగుందేట్రా?" అని అడిగావు. జలుబన్నాను. జలుబు కాదు. నోటితో చెప్పడం నాకు రాదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ వానలు వెనకబట్టాయి. బొల్లారం వైపు నుంచి గాలి తిరిగితే మందుల కంపెనీల వాసనకు అన్నం సహించదు. గుర్రాలు కూడా గడ్డి వదిలి గోడకేసి తిరుగుతాయి. మిగతా రోజుల్లో ఫరవాలేదు. వేళకు తింటున్నాను.

మా స్వారీ బడిలో పదకొండు గుర్రాలు. ఏది ఎన్ని నీళ్లు తాగింది, లద్దె ఎలా వేసింది, కాళ్లు వేడిగా ఉన్నాయా, రోజూ పుస్తకంలో రాస్తాను. నాన్న జట్కా గుర్రానికి ఉలవలు ఉడకబెడుతూ నువ్వు బొగ్గుతో దిద్దించిన అక్షరాలే.

నిరుడు చాందిని అనే తెల్ల ఆడగుర్రం వచ్చింది. అంతకుముందు పెళ్లి ఊరేగింపుల్లో తిరిగేది. నోటి మూలలు చీలి మానిన మచ్చలు. ఎక్కడ డప్పు మోగినా చెమటలు పట్టి, నిలబడ్డ చోటే కాళ్లు ఎత్తి ఎత్తి వేసేది. చూడ్డానికి వచ్చినవాళ్లు డాన్సని చప్పట్లు కొట్టేవారు. స్వారీ నేర్పే మేడమ్ నన్ను పక్కకు పిలిచి చెప్పారు: "ఏళ్లకేళ్లు నేర్పిన గుర్రం గూడ గిట్లనే అడుగులేస్తది రాజూ. చూడనీకి రెండూ ఒక్క తీర్గనే ఉంటయి. అది బలంతోని ఏస్తది. ఇది భయంతోని ఏస్తుంది."

దాని కళ్లెంలో ఇనుప కడ్డీ తీసేసి రబ్బరుది పెట్టాం. పగ్గం వదులుగా పట్టాం. నేను దూరంగా నిలబడి బకెట్టు మీద ఒక దెబ్బ వేసేవాణ్ణి, దగ్గరికెళ్లి గుప్పెడు ఉలవలు పెట్టేవాణ్ణి. రోజుకో అడుగు దగ్గరగా. ఏడు నెలలు పట్టింది. ఈసారి బోనాలకు గేటు ముందు నుంచే డప్పులు పోయాయి. చాందిని తల ఎత్తలేదు. "డప్పుకు బెదరలేదు, గడ్డి తింటోంది" అని రాశాను. నేనెప్పుడూ ఎవరికీ ఏదీ చూపించుకోను కదా. ఆ రోజు ఆగలేక మేనేజర్‌కి చూపించాను.

"ఏంది, బెదరదా? గింత మంచి ముచ్చట ముందుగాల చెప్పవైతివి! శ్రావణంల పెండ్లిళ్లకు తోలుదాం."

మునుపు దాన్ని ఊరేగింపుల్లో తిప్పిన పెళ్లిళ్లవాడికే అద్దెకిచ్చాడు. మేడమ్ అప్పుడు ఊళ్లో లేరు. వచ్చాక గట్టిగానే అడిగారు. "ఊకె నిలవెట్టి మేపుడేనా మేడమ్?" అన్నాడు మేనేజర్.

లాడాలు కొట్టే ఖాజా భాయ్ కబురు తెచ్చాడు. "రాజు భాయ్, మీ చాందినిని పటాన్‌చెరు ఫంక్షన్ హాల్ కాడ చూసిన. బ్యాండు కొడ్తుంటే మంచిగ నిలవడ్డది. ఆడ్తలేదని ఆయనకు గుస్సా. నోట్ల ముండ్ల కడ్డీ ఏసిండు. నెత్తురు కార్తుంది యార్."

అర్థమైందా అక్కా? భయంతో ఉంటే మామూలు కడ్డీతో పోయేది. భయం లేకుండా చేసింది నేను.

శ్రావణం దాటాక తిరిగొచ్చింది. నాలుక అంచు తెగింది. నన్ను చూసి, నా చేతిలో బకెట్టు చూసి, మూలకు పోయి నిలబడింది. తవుడు జావ చేసి అరచేతిలో పట్టి తాగించాను. మళ్లీ మొదటి నుంచి అన్నీ చేశాను. ఈసారి అన్ని నెలలు పట్టలేదు. దసరాకి నోరు మానింది. మొన్న అమ్మవారిని నిమజ్జనానికి తీసుకుపోతూ బ్యాండు మేళం మా గోడ పక్కనే ఆగింది. చాందిని ఒక చెవి అటు తిప్పింది. మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

కార్తీకంలో ముహూర్తాలున్నాయి. మర్నాడు పొద్దున మేనేజర్ వచ్చి, "పుస్తకంల ఏం రాసినవ్?" అన్నాడు. అంతకుముందే రాసి ఉంచాను: "మేళానికి బెదిరింది. తాడు తెంపుకుంది."

"ఛ! ఇగ ఇది పెండ్లిళ్లకు పనికిరాదు" అని వెళ్లిపోయాడు. సాయంత్రం మేడమ్ ఆ పేజీ చదివారు. గుర్రం వైపు చూశారు, తెగని తాడు వైపు చూశారు. "ఇయ్యాల నీ రాత జెర వంకరచ్చింది రాజూ" అని కింద సంతకం పెట్టారు.

నువ్వు నేర్పిన అక్షరాలతో అబద్ధం రాయడం ఇదే మొదలు. మేళం మోగిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. అందుకే ముందుగా నీకు చెబుతున్నాను, తిట్టాలనిపిస్తే తిట్టు. ఎవరైనా వస్తుంటే మన ఉలవలు రెండు కేజీలు పంపు. ఇక్కడివాటిలో రాళ్లెక్కువ.

బావగారినీ, చిన్నత్తనూ అడిగానని చెప్పు. మీ దీవెనలు నాకు ఉండాలి. కాస్త ఆ గుర్రానికి కూడా.

అది బాగుపడింది అక్కా. పుస్తకంలో రాయకూడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నీ తమ్ముడు,
అప్పలరాజు