ఎడమకు తిరగని బండి

ల్యాప్‌లాండ్, ఫిబ్రవరి 3

మంచుబండ్ల కంపెనీ ఫిర్యాదుల విభాగం వారికి ఊలా మాగ్గా రాయునది,

నలభై ఒక్క ఏళ్ళ కిందట ఎల్సా అనే మనిషి, దారి చీలే చోట ఎడమ పక్కన, మంద దగ్గర కాచుకుంటానని మా తమ్ముడితో కబురు పంపి, రాలేదు. పొద్దుగూకేదాకా మంచులో నిలబడి కాలి వేలొకటి పోగొట్టుకున్నాను. ఆనాటి నుంచి ఆవిడ గడప తొక్కలేదు.

ఇప్పుడు మీ బండి తొక్కిస్తోంది. నా రెయిన్‌డీర్లు ఎడమ దారిలో మేతకోసం చూస్తున్నాయి. హ్యాండిల్ ఎడమకే తిప్పుతున్నాను. ముందు చక్రాలకు బదులు ఫ్యాక్టరీలో బిగించిన సన్నటి జారుడు పట్టీలు, అవే మీ స్కీలు, ఎల్సా బండి వేసిన గాడిలో పడి, నన్ను కుడి వైపు ఆవిడ వాకిట్లోకి ఈడ్చుకుపోతున్నాయి. వాకిట్లో బండి ఆగాక కాఫీ తాగకుండా కదలడం మాలో లేదు. ఈ వారం నాలుగుసార్లు తాగాను, మాట్లాడకుండా.

ఇట్లు, ఊలా

తా.క. కాఫీలో జున్ను ముక్కలు వేస్తుంది. బాగుంటుంది. ఇది ఫిర్యాదులో చేర్చవద్దు.

ఫిబ్రవరి 10

గౌరవనీయులైన ఊలా గారికి,

మా స్కీలు గాడి వెతుక్కోవడం మామూలే. మలుపులో ఒళ్ళు ఎడమకు బాగా వాల్చండి. మీరు చెప్పిన కాఫీ కేంద్రం మా బండ్లవారి మజిలీల జాబితాలో లేదు. చేర్చాము.

విధేయురాలు, హిల్కా

తా.క. జున్ను పార్సిల్ ఇస్తారా?

ఫిబ్రవరి 17

హిల్కా గారికి,

వాల్చాను. బండి కుడికి, నేను ఎడమకు. ఎల్సా తాడేసి లాగింది. "ఏం ఊలా, ఇంకా ఎడమకే పడుతున్నావా?" అంది. జవాబివ్వలేదు. పౌరుషం కొంత, నోట్లో మంచు కొంత.

బండి మీది మేత మూటలన్నీ ఆవిడ వాకిట్లోనే దిగాయి. వాసన పట్టి మంద కూడా అక్కడికే చేరింది. నేను చదివిన చరిత్రల్లో ఏ రాజూ ఇంత చవగ్గా ఓడిపోలేదు. స్కీలు మార్చండి, లేదా పేపరుకెక్కుతాను.

ఊలా

తా.క. అది కాఫీ కేంద్రం కాదు. మీ జాబితా చూసి ఆవిడ మరో డజను కప్పులు కొన్నది.

ఫిబ్రవరి 26

ఊలా గారికి నమస్కారాలు,

మా మెకానిక్ మీ బండి నడిపి, ఎడమకు తిప్పి, ఎల్సా గారింటికే చేరాడు. స్కీలు సన్నవే, ఒప్పుకుంటున్నాం. కానీ వాటి అడుగున మంచును కరిచిపట్టే ఉక్కు కడ్డీలు రెండూ లేవు. మీ ఊరికి పుస్తకాల బస్సు వచ్చిన ఒక మంగళవారం, మీరు అందులోని లైబ్రేరియన్‌తో గంటసేపు పోట్లాడుతుండగా తానే స్పానర్‌తో విప్పానని ఎల్సా గారు చెప్పారు. ఎందుకని అడిగితే, "ఆ రోజు కుడి పక్కనే కాచుకుంటానని కబురు పంపాను. చీకటి పడేదాకా చూశాను. ఈయన రాలేదు. ఎందుకు రాలేదని అడగడానికి నాకూ పౌరుషం అడ్డొచ్చింది. చచ్చేలోపు ఒక్కసారైనా కుడికి తిరగాలి కదయ్యా," అన్నారట.

కడ్డీలు పంపమంటారా?

హిల్కా

తా.క. మెకానిక్ ఇంకా తిరిగి రాలేదు. ఆరో కప్పులో ఉన్నాడని ఫోన్ వచ్చింది.

మార్చి 4

హిల్కా గారికి,

కడ్డీలు పంపవద్దు. మీ స్కీలు పనికిమాలినవన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. మంచివైతే ఈపాటికి ఎడమ దారిలో ఒంటరిగా ఉండేవాణ్ణి. "ఇక చాలించు, కాఫీ చల్లారుతోంది" అంటోంది ఎల్సా.

మీ ఊలా

తా.క. ఆ రోజు మంద కాపలా వంతు నాది కాదు, కబురు తెచ్చినవాడిది. కుడి అని ఆవిడ చెబితే నాకు ఎడమ అని చెప్పి, తన కాపలా నా చేత కాయించి, పొయ్యి పక్కన హాయిగా నిద్రపోయాడు. ఎల్సాను క్షమించాను. మీ ఫ్యాక్టరీని క్షమించాను. లైబ్రేరియన్‌ని కూడా క్షమించాను. మిగిలింది ఒక్కడే: నా తమ్ముడు పియేరా.