కమిషనర్ సాబ్ వెనక

12 మార్చి 2006, ఆదివారం

ఈ గల్ఫ్ దేశంల నా వీసా క్యాన్సిల్ కొడుతున్నరు. వయసైందట. ఫోర్‌మన్ ఖుర్రం సర్వీస్ సర్టిఫికెట్ ఇయ్యబోయిండు. పేరు ముత్యం, పని హెల్పర్ అని ఉంది. సల్మాబాద్‌ల సగం షాపుల ఇత్తడి బోర్డులు చెక్కింది నేను. నేను చెయ్యి చాపలే.

13 మార్చి

సీఫ్‌ల ఆఫీసుల కొలువు చేసే కేశవరావు సార్ ఒక పాత పెయింటింగు తెచ్చిండు. ఈడున్న అమెరికా నేవీ వాళ్ల ఆఫీసుల పెడతరట. ఫ్రేమ్ కట్టాలె, కింద ఇత్తడి ప్లేటు పెట్టాలె. బొమ్మల ముసలాయన, బిగబట్టిన మూతి. ఎవరు సార్ అని అడిగిన.

సార్ కూసోని చెప్పిండు. అమెరికా కొత్తగ పుట్టిన రోజులల్ల ఈయన నేవీ ఆఫీసుల గుమస్తాగ చేరిండట. ఓడలకు కలప, తాళ్లు, తెరచాపలు కొనుడు పని. ఎదిగి నేవీ కమిషనర్ అయిండట. తనకు మాత్రం ఓడెక్కితే వాంతులట. సర్కారు మారంగనే, ముసలోనివైనవ్, ఇంటికి పో అన్నరట. ఇంట్ల కూసోలే. సొంత రాష్ట్రంల ట్రెజరర్ అయిండు. సచ్చేదాక అదే కుర్చీ.

భోజనం చేసుకుంట గూడ బొమ్మనే చూసిన.

14 మార్చి

ప్లేటు ఇరుకైంది. ఆఖరి లైను తీసెయ్ చాచా, అన్నడు ఖుర్రం. స్టేట్ ట్రెజరర్ అన్న లైను. నేవీవాళ్లకు నేవీ ముచ్చట చాలదా అన్నడు.

తియ్య అన్న. పొమ్మన్నంక చేసిన కొలువు అది.

ఖుర్రం నా మొఖం చూస్కుంట నిలబడ్డడు. నేను ఎదురు చెప్పుడు ఆయన ఎన్నడు వినలే. అక్షరాలు సన్నగ చేసి అన్ని లైన్లు పట్టించిన.

16 మార్చి

ఖుర్రం మళ్ల అదే సర్టిఫికెట్ తెచ్చిండు. వీసాల హెల్పర్ అని ఉంటే ఇంకోటి ఎట్ల రాస్తం అన్నడు. తీస్కపో చాచా, నీ ఊర్ల ఎవరు చదువుతరు?

"నేను చదువుత."

అంతే అన్న. కాగితం ఆయన టేబుల్ మీదనే ఉంది.

18 మార్చి

రేపు ప్రయాణం. కోసిన ఇత్తడిల ఒక ముక్క మిగిలింది. ఇన్నేండ్లు ఇంగ్లీషు చెక్కిన, అరబ్బీ చెక్కిన. తెలుగు ఎవరూ అడగలే. ఇయ్యాల నాకోసం చెక్కిన. మన అక్షరాల గుండ్రానికి చెయ్యి రెండుసార్లు జారింది. ఫ్రేమ్ వెనక చెక్కకు ఆ ముక్క బిగించిన. ఖుర్రం చూసిండు.

19 మార్చి

సార్ బొమ్మ తీస్కపోయిండు. కమిషనర్ సాబ్ మనుషుల దిక్కు చూస్తడు. ఆయన వెనక, గోడ దిక్కు:

చెక్కింది ముత్యం. హెల్పర్ కాదు.