దీపం నువ్వులు చెరిగిన చేతులు

ఉదయగిరి,
తేది 9-2-1984.

శ్రీయుత సహాయ కార్మిక అధికారి గారి దివ్య సముఖమునకు,
ఆత్మకూరు.

ఉదయగిరి నూనె మిల్లులో నువ్వులు చెరుగు ఆడకూలీల మేస్త్రీ ఆదిశేషమ్మ వ్రాసుకున్న అర్జీ.

విషయం: పిల్లలు పుట్టకుండా చేయించుకొను ఆపరేషనుకు మిల్లు వైద్య నిధి నుండి సహాయము నిరాకరించుట, జాన్‌బీ అను కూలీని పని నుండి తొలగించుట, మరియు యజమాని గారి దైవభక్తి – గురించి.

అయ్యా,

నేను అయిదో తరగతి చదివినాను. మా నాయన తాలూకా కచేరీలో బంట్రోతు. పాత అర్జీలు ఇంటికి తెచ్చి నా చేత చదివించుకొని వినేవాడు. కాబట్టి అర్జీ ఎట్లా రాయాలో నాకు తెలుసు. కోపం వచ్చిన చోట మాత్రం భాష చెడిపోతుంది, తమరు మన్నించాలి. మన్నించకపోయినా రాస్తాను.

1. సదరు మిల్లు యజమాని శ్రీ చెంచురామయ్య గారు. అయిదేండ్ల క్రిందట మేము సమ్మె చేసినప్పుడు తమరి ముందటి అధికారి గారి సమక్షమున ఒప్పందము కుదిరినది. ప్రతి వారము మా కూలిలో కొంత పట్టుకొని, అంతే మొత్తము యజమాని గారు కలిపి, వైద్య నిధి ఏర్పరచవలెను. కూలీలకు కలుగు సమస్త వైద్య ఖర్చులు, మంచాన పడిన దినములకు సగం కూలి, ఆ నిధి నుండి చెల్లించవలెను. ఆ కాగితము తమరి కచేరీలోనే ఉన్నది.

2. యజమాని గారు చెడ్డవారని నేను రాయను. జ్వరానికి ఇస్తారు. పాము కరిస్తే ఇస్తారు. కాన్పుకు ఇచ్చి పైన చీర కూడా పెడతారు. పెళ్ళయిన చాలా ఏండ్లకు, తిరగని గుడి లేకుండా తిరిగిన తర్వాత, ఆ దంపతులకు ఒక కొడుకు పుట్టినాడు. ఆ మొక్కు ప్రకారము కొండ కింది నరసింహస్వామి గుడిలో అఖండ దీపానికి ఏడాది పొడుగునా నూనె ఆయనే పోయిస్తున్నారు. బిడ్డ కోసం అంత ఏడ్చిన మనిషి గనక, బిడ్డలు చాలు అనేవాళ్ళు ఆయన కంటికి దేవుడి మొహాన తలుపు వేసినవాళ్ళుగా కనిపిస్తారు. మిల్లు గోడ మీద సర్కారువారు వేసిన కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణానికి తెల్లారేసరికి సున్నం కొట్టించినారు. ఆయన నమ్మకం ఆయనది. గోడ కూడా ఆయనదే. నిధిలో సగం మాత్రం మాది.

3. నా చెల్లెలు కామాక్షమ్మ ఇదే మిల్లులో మూటలు కుట్టేది. నాలుగో కాన్పు కష్టమైంది. ఇంకొకటి వస్తే బతకవు, ఆపరేషన్ చేయించుకో అని డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో రక్తం లేదు గనక ఊరి క్యాంపుల్లో చేయరు. నెల్లూరు ఆసుపత్రిలో ఉండి, రక్తం ఎక్కించుకొని, తర్వాత చాన్నాళ్ళు పని మానుకోవాలి. నిధి ఇస్తే తప్ప జరిగే పని కాదు. "కడుపులో గడ్డ అని చెప్పి తీసుకోవే" అన్నాను. "దేవుడికి దీపం పెట్టే ఆయన దగ్గిర అబద్ధమాడేదానికి నాకు నోరు రాదక్కా" అనింది. పోయి ఉన్నదున్నట్టు అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"ఏంది మే, దేవుడిచ్చేదాన్ని వద్దనేదానికి నన్ను దుడ్డియ్యమంటావా? ఆ పాపం నా నిధికి అంటనీను. పుట్టనీ, నీ బిడ్డలకు కూడు నేను పెడతా పో," అన్నారు.

పిచ్చిది, ఆ మాటకు సంతోషపడి ఇంటికి వచ్చింది. ఏడాది తిరక్కముందే మళ్ళీ నొప్పులు వచ్చినాయి. నెల్లూరు తీసుకుపోతుంటే ఆత్మకూరు చేరకముందే జీపులో నా ఒళ్ళో పోయింది. కడుపులో బిడ్డ కూడా పోయింది. జీపు యజమాని గారిదే. డీజిలు వైద్య నిధి నుండి. పాడెకు, పూలకు కూడా నిధి నుండే ఇచ్చినారు. అయ్యా, కాన్పుకు ఇచ్చిన నిధి, చావుకు ఇచ్చిన నిధి, బతికేదానికి మాత్రం ఇవ్వలేదు. దాని నలుగురు బిడ్డలు నా దగ్గర ఉన్నారు. కూడు పెడతానన్న ఆయన మొదటి దసరాకు బట్టలు పంపి ఊరుకున్నారు.

4. మూటలు కుట్టే పనిలో నా చెల్లెలి చోటికి వచ్చిన మనిషి జాన్‌బీ. ముగ్గురు బిడ్డల తల్లి. అదే డాక్టరమ్మ అదే మాట చెప్పింది. భర్త యాసిన్ ఒప్పుకున్నాడు. వచ్చే వారం నెల్లూరులో చేరాలి. నిధిని అడిగితే లేదన్నారు. మర్నాడు గుమాస్తా పెంచలయ్య గేటు దగ్గరే ఆపి, "అట్టాంటి ఆలోచన పెట్టుకున్న మనిషి దేవుడి నూనె ఆడే మిల్లులో ఉండకూడదని అయ్యగారు చెప్పినారు మే, ఇంక రాబాక," అన్నాడు.

"అల్లాకు జవాబు నేను చెప్పుకుంటా. మధ్యలో మీ అయ్యగారిని ఎవురు పిలిచినారు?" అని జాన్‌బీ అడిగింది. పెంచలయ్య గేటు వేసుకున్నాడు. సమాధానం తమరి దగ్గర ఉంటుందని ఆశ.

5. ఈ అంశము తమరి కోసం కాదు, నకలు చదివే యజమాని గారి కోసం రాస్తున్నాను. తమరు కూడా చదవవచ్చు.

దీపం నువ్వులు మిషన్‌కు పోవు. తలస్నానం చేసిన ఆడవాళ్ళు వేరే గదిలో కూర్చొని, చాటలతో చెరిగి, మట్టిబెడ్డలు ఏరితే, వాటిని ఎద్దు గానుగలో ఆడిస్తారు. ఆ గదికి నియమాలు యజమాని గారే పెట్టినారు. గొడ్రాలు రాకూడదు, బిడ్డతల్లే కావాలి. విధవ రాకూడదు. కడుపుతో ఉన్న మనిషి కూర్చోకూడదు. పురిటి మైల గది దాపులకు రాకూడదు. ఒక్కసారి కడుపు వచ్చి బయటికి పోయినామె మళ్ళీ లోపలికి రాకూడదు. ఈ నియమాలకు నిలబడి మేము తొమ్మిదిమందిమి ఏండ్ల తరబడి అదే గదిలో ఉన్నాము. ప్రతి ఉగాదికి మాకు పసుపు కుంకుమ ఇచ్చి, "మీరు పుణ్యాత్మురాళ్ళు మే, ఆ దీపం మీ చేతి చలవే," అంటారు.

వయసులో ఉన్న బిడ్డతల్లులకు, మొగుళ్ళతో కాపురం చేస్తున్నవాళ్ళకు, ఇన్నేండ్లు కడుపు ఎందుకు రావడం లేదని ఆయనకు ఒక్కనాడూ అనుమానం రాలేదు. అయ్యా, ఆయన పెట్టిన నియమాలకు సరిపోయేది ఆపరేషన్ అయిన సంసారమే. ఏరి ఏరి ఆయనే మమ్మల్ని ఆ గదిలో కూర్చోబెట్టినారు.

మేము వింజమూరు క్యాంపులోనో, కలిగిరి క్యాంపులోనో చేయించుకున్నాము. పుట్టింటి ఊళ్ళో తిరునాళ్ళని చెప్పి పోయినాము. కుట్లు మానకముందే చాట పట్టినాము. నొప్పికి కళ్ళలో నీళ్ళు వస్తే నువ్వుల దుమ్మని చెప్పినాము. మా చేతి నూనెతో దీపం ఒక్కనాడూ కొండెక్కలేదు. స్వామికి మా మీద కోపం లేదు. అడిగింది గనక నా చెల్లెలు చచ్చిపోయింది. అడగలేదు గనక మేము బతికి ఉన్నాము.

6. కాబట్టి కోరునది ఏమనగా: జాన్‌బీని తిరిగి పనిలోకి తీసుకొని, ఆమె ఆపరేషనుకు, విశ్రాంతికి నిధి నుండి చెల్లించునట్లు ఉత్తర్వు చేయవలెను. అది ఆయన మతానికి ఒప్పకపోతే, అదే కారణముతో మా తొమ్మిదిమందిని కూడా తీసివేసి, ఆ కారణమును గుడి ముందర దండోరా వేయించవలెను. మమ్మల్ని ఉంచి జాన్‌బీని పంపే హక్కు ఆయనకు లేదు.

ఇంకొక మాట. ఆయన పెద్దమనిషి, గుట్టుగా సర్దుకోండి అని తమరు చెప్పవద్దు. నాకు న్యాయం ఒక్కటే చాలదు. పదిమందిలో ఆయన తల దించుకోవడం నేను చూడాలి. దీన్ని అర్జీ భాషలో ఏమంటారో నాకు తెలియదు.

పై సంగతులు విచారించి, ఆయన వేసే దండలకు మెత్తపడకుండా చిత్తగించవలెను.

తమ విధేయురాలు (తమరికి మాత్రమే),
ఆదిశేషమ్మ

దీపం గదిలోని మరి ఎనిమిదిమంది వేలిముద్రలు వెనుక పుటలో ఉన్నవి.

నకలు: మిల్లు యజమాని గారికి. గుడి పూజారి గారికి.

తా.క.: నకలు పొద్దున పెంచలయ్య చేతికి ఇచ్చినాను. మధ్యాహ్నం యజమాని గారు దీపం గది గడప దగ్గరికి వచ్చి నిలబడినారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీలో ఎవురు చేయించుకోలేదో చెయ్యెత్తండి. వాళ్ళతోనే దీపం నడిపిస్తా," అన్నారు.

రామలక్ష్మమ్మ ఒక్కతే చెయ్యెత్తింది. ఆయన ప్రాణం లేచొచ్చినట్టు ఆమె వైపు చూసినారు.

"నేను చేయించుకోలేదు సామీ. మా ఆయన చేయించుకున్నాడు," అనింది.

మేము చాటలు బోర్లించి బయటికి వచ్చేసినాము. సాయంత్రం పెంచలయ్య మా ఇంటికి వచ్చి, "జాన్‌బీకి నిధి దుడ్డు ఇచ్చేస్తారంట, ఎవురికీ చెప్పబాకండి, రేపటి నుంచి గదిలోకి రండి," అన్నాడు. గుట్టుగా చేసింది చాలని చెప్పినాను. ఇచ్చేది గుడి ముందర ఇయ్యమను, కామాక్షమ్మ పేరు చెప్పి ఇయ్యమను అన్నాను. ఇంకా కబురు రాలేదు.

దీపంలో నూనె ఎల్లుండి సాయంత్రం దాకా వస్తుందని పూజారి గారు చెప్పినారు. ఆయనకు అంత వ్యవధి ఉంది. నా చెల్లెలికి ఆత్మకూరు దాకా కూడా లేకపోయింది.