ఎగువ తోట పంపకం

సవిన్యా లోయ, పోడ్‌గోర్యె గ్రామంలో ఉంటున్న, కీర్తిశేషుడు అలోయిజ్ రోయ్నిక్ భార్యనైన ఓటిలియా అనే నేను, కాళ్లు మొరాయించినా బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. ముసలిదానికి మతి పోయిందని నా తమ్ముడు ఫెలిక్స్ అంటాడు. అననివ్వండి.

1. ఇల్లు, ట్రాక్టరు, బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వులు ఆరబెట్టే కొట్టు నా కూతురు నెవెన్కకు చెందుతాయి. వానాకాలం కొట్టు తలుపు ఉబ్బి బిగుసుకుంటుంది. భుజంతో నెట్టాలి గాని కాలితో తన్నకూడదు.

2. దిగువ తోట కూడా నెవెన్కదే. అక్కడ ఇప్పుడు హాప్స్ తీగ పాకించే స్తంభాలు తప్ప ఏమీ లేవు. మొదళ్లు పగిలి తీగ ఎండిపోయే తెగులు సోకి అంతా పెరికేశాం. ఆ తెగులు రసం అంటిన కత్తి వెంట వస్తుంది, మందు లేదు. వసంతం రాగానే మేం ఒకరి తోటకు ఒకరం సాయం వెళ్లి, కొత్త చిగుళ్ల కోసం ఎవరి కత్తితో వాళ్లం తీగల మొదళ్లు కోస్తాం. తన తోటకు తెగులు పట్టిందని తెలిసీ, పరువు పోతుందని, ఫెలిక్స్ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నా తోటకు వచ్చాడు. "ఈ ఏడు నీ పంట ఇరగదీస్తదక్కా" అన్నాడు, కోస్తూనే. నేను వాడికి సాసేజీలు వేయించి పెట్టాను. నా ఆస్తిలో ఫెలిక్స్‌కు పూచికపుల్ల కూడా చెందదు.

3. ఎగువ తోట నా ప్రాణం. మా అత్తగారు నాటిన పాత రకం అది. దాన్ని నమ్ముకునే మా ఊరి కుర్రాడు తదేయ్ పాత పాలకేంద్రంలో చిన్నగా బీరు కాచి అమ్ముకుంటున్నాడు. మొదటిసారి పువ్వు నలిపి వాసన చూసి, "పెద్దమ్మా, ఇది పెద్ద కంపెనీలోళ్లకి ఇచ్చావంటే నీ గుమ్మంలోనే పడుకుంటా" అన్నాడు. ఈ తోట నెవెన్కకు. అమ్మకూడదు, పెరకకూడదు. పంట ముందు తదేయ్‌కే ఇవ్వాలి. ఫెలిక్స్ కంచె దాటకూడదు.

4. కొట్టులో నేను కూర్చునే ముక్కాలిపీట తదేయ్‌కు. నిలబడి నిలబడి వాడి నడుం పోతోంది.

5. మూడో అంశం కొట్టివేస్తున్నాను. అది నిన్న రాశాను. ఈ పొద్దున నెవెన్క ఎగువ తోట నుంచి వచ్చి గుమ్మం బయటే నిలబడింది. "అమ్మా, మొదళ్లు పగిలాయి. నేనింకేం ముట్టుకోలేదు" అంది. ఫెలిక్స్ ఆ కంచె దాటి ఏళ్లయింది. ఈసారి తిట్టుకోవడానికి కూడా నాకు మనిషి లేడు. ఇక బతకాలని లేదు.

6. తదేయ్ పరుగెత్తుకొచ్చాడు. "ఒక్క వరసే కదా పెద్దమ్మా. కోత దాకా ఎవ్వరికీ చెప్పొద్దు. ఈ పంట లేకపోతే నేను దుకాణం మూసుకోవాల్సిందే" అన్నాడు. వాడి ఏడుపు నేను చూడలేకపోయాను. అయినా కుదరదు. గట్టు అవతల సిజెయ్‌ల తోట పచ్చగా ఉంది. వాళ్లకు ఈ రోజే చెప్పాలి. ఒక్క మొదలు మిగల్చకుండా పెరికి కాల్చాలి, ఒక్క పిలక ఎవరికీ ఇవ్వకూడదు.

7. నెవెన్కా, ఎగువ తోట నేల నీదే, కాని రెండేళ్లు అందులో హాప్స్ వేయకూడదు. ఆ తర్వాత నీ ఇష్టం. అమ్ముకో, బీడు పెట్టుకో, వేరే బతుకు చూసుకో. నేను కోప్పడను. కోప్పడతాననిపిస్తే ఈ కాగితం చూసుకో.

8. తోట పెరకడం పూర్తికాకుండా నేను పోతే, చావు జరిగిన ఇల్లని ఎవరూ పని ఆపకూడదు. నన్ను కొట్టులో ఉంచండి, పంట ఆరబెట్టనప్పుడు అది చల్లగానే ఉంటుంది. ఆఖరి మొదలు కాలి బూడిదైన తర్వాతే నన్ను పూడ్చండి.

2021 జూన్ 14.

(సంతకం) ఓటిలియా రోయ్నిక్

సాక్షులు:
రోక్ వోద్లాక్, బడి పంతులు.
సిల్వా సిజెయ్, గట్టు అవతలి తోట. ఆరో అంశం ఓటిలియా నాకు తనే చదివి వినిపించింది.